మూలకణాల మార్పిడి తరువాత ఇంటికి తీసుకువచ్చే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

అల్లుడుగారి న్యూట్రోఫిల్ (బ్యాక్టీరియాతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణం) కౌంటు వరుసగా మూడు రోజులు 500 దాటిందనీ, వచ్చే వారం ఇంటికి పంపిస్తామన్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు మనసు కుదుటపడింది. అయితే మీ పెదనాన్నగారికి ఇదే లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు తమ్ముడి మూలకణాలతో, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలతో, మార్పిడి జరిగినప్పుడు, ఇల్లు చేరితే గండం గడిచినట్లేనని నమ్మి నేను చేసిన పొరపాటు నువ్వు చేయకూడదని ఈ లేఖ వ్రాస్తున్నాను.

రెండు నెలలు దాటిన తరువాత ఒక రాత్రి, మందులు ఎక్కించడానికి ఛాతీలోని పెద్ద రక్తనాళంలో అమర్చిన గొట్టం (లైను) శుభ్రం చేసిన అరగంటకు ఆయనకు చలితో వణుకు పుట్టింది. థర్మామీటరు 100.6 చూపించింది. పారాసెటమాల్ ఇచ్చాను, జ్వరం దిగింది, అర్ధరాత్రి డాక్టరుగారిని లేపడమెందుకని తెల్లవారేదాకా ఆగాను. తెల్లవారేసరికి రక్తపోటు పడిపోయింది. బ్యాక్టీరియా ఆ లైను ద్వారానే రక్తంలో చేరిందని కల్చర్ పరీక్షలో తేలింది. అందుచేత ఫారెన్‌హీట్‌లో 100.4 చూపించిన క్షణమే, వేళ ఏదైనా సరే, ఆసుపత్రికి ఫోను చెయ్యి. వారిని అడగకుండా జ్వరం మాత్ర ఇవ్వకు. స్టెరాయిడ్లు వాడుతున్నవారికి ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు కనుక వణుకు, ఆయాసం, మగత వంటివి కనిపించినా జ్వరం వచ్చినట్లే భావించాలి.

కౌంటు పెరిగాక కూడా ఇంత భయమెందుకని నువ్వు అడగవచ్చు. న్యూట్రోఫిల్స్ సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తిరిగివచ్చినా, వైరస్‌లను ఎదుర్కొనే లింఫోసైట్లు కోలుకోవడానికి నెలలు, కొందరిలో ఏడాదికి పైగా పడుతుంది. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ వంటి వాటికి తమ కణాలనే తిరిగి ఎక్కించుకున్నవారు కొంత త్వరగా తేరుకుంటారు. అల్లుడుగారివి చెల్లెలి కణాలు కనుక అవి ఆయన శరీరంపైనే దాడి చేసే జీవీహెచ్‌డీ రాకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తారు, అది వస్తే స్టెరాయిడ్లు కూడా కలుపుతారు. మనలో చాలామందిలో చిన్ననాటి నుంచి నిద్రాణంగా ఉండే సీఎంవీ అనే వైరస్ ఆ అదను చూసి మేల్కొనవచ్చు. మొదటి వంద రోజులు తరచుగా, సాధారణంగా వారానికొకసారి, రక్తంలో ఆ వైరస్ జాడ పట్టే పీసీఆర్ పరీక్ష చేయించేది దానికోసమే. మనిషి హుషారుగా ఉన్నాడని ఒక్కటీ మానవద్దు.

మందుల సంగతీ అంతే. న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ కనీసం ఆరు నెలలు, సర్పి లేవకుండా ఎసైక్లోవిర్ సాధారణంగా ఏడాది వాడమంటారు. ఒంట్లో బాగుందనిపించగానే మాత్రలు మానేయాలనే కోరిక పుడుతుంది, మీ పెదనాన్నగారికీ పుట్టింది.

ఆయన గదికి సున్నం, రంగులు వేయించాలంటే ఇంటికి రాకముందే ముగించండి. పక్కింట్లో గోడలు పగలగొడుతుంటే కిటికీలు మూసి ఉంచండి, లేదా కొన్నాళ్లు వేరే చోటికి వెళ్లండి. కట్టడాల దుమ్ములోని ఆస్పెర్జిల్లస్ అనే ఫంగస్ ఊపిరితిత్తుల్లో చేరితే వదిలించడం చాలా కష్టం. తులసికోటలో మట్టి తవ్వడం ఆయన పని కాదు. అప్పుడే వండిన వేడి భోజనం, కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వు. పెరుగు, ఊరగాయల విషయంలో ఆసుపత్రుల మాట ఒక తీరుగా ఉండదు కనుక మీ డాక్టరుగారు చెప్పినదే పాటించు. చూడటానికి రాకపోతే బాగుండదని జలుబుతోనే వచ్చే చుట్టాలను గుమ్మంలోనే ఆపు. నిన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

చిన్నప్పటి టీకాల రక్షణ మార్పిడితో చాలావరకు పోతుంది కనుక న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాకు వేసే న్యుమోకాకల్ టీకా మొదలుకొని వాటిని మూడు నుంచి ఆరు నెలల మధ్య మళ్లీ ప్రారంభిస్తారు. తట్టు, ఆటలమ్మ వంటి సజీవ టీకాలు మాత్రం రెండేళ్లలోపు వద్దు, ఆ తరువాత కూడా జీవీహెచ్‌డీ లేదని తేలితేనే. మీరందరూ ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోండి. బాబుకు పోలియో చుక్కలు వేయించే ముందు డాక్టరుగారిని అడుగు. చుక్కల్లోని సజీవ వైరస్ కొన్ని వారాలు మలంలో వస్తుంది కనుక ఆయన వాడి గుడ్డలు మార్చకూడదు.

రెండు థర్మామీటర్లు కొనిపెట్టుకో. మాది ఒకటి సరిగ్గా అవసరమైన రాత్రే పనిచేయలేదు. లైను తీసే తేదీ తెలియగానే కబురు చెయ్యి, వారం ముందే వచ్చి బాబును చూసుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ