పుస్తకం వచ్చాక మనవాళ్లు ఏమంటారంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నవల అచ్చయి చేతికొచ్చిందని రాశావు, చాలా సంతోషం. నలుగురూ ఏమంటారో అన్న బెంగ కూడా ఆ ఉత్తరంలోనే కనబడింది. అందుకే ఇది రాస్తున్నాను. దగ్గరివాళ్లు పుస్తకంలో ముందు నిన్ను వెతుకుతారు, తర్వాత తమని వెతుక్కుంటారు. కథ దాకా వచ్చేసరికి చాలామందికి ఓపిక అయిపోతుంది. ఇది ముందే తెలిసి ఉంటే సగం బాధ తప్పుతుంది.

మొదటి వారమంతా అభినందనలే. అవన్నీ అట్ట చూసి అన్నవి. తర్వాత ఒక్కసారిగా చప్పుడుండదు, కొత్తగా రాసినవాళ్లు కుంగిపోయేది అక్కడే. లెక్క వేసి చూడు. నీ 240 పేజీల నవల గంటకి 30 పేజీల చొప్పున చదివినా ఎనిమిది గంటల పని. ఉద్యోగం, ఇల్లు చూసుకునే మనిషి రాత్రి పడుకునేముందు పది పేజీలు తిప్పితే 24 రోజులు. మధ్యలో నాలుగు రోజులు వదిలేస్తే మళ్లీ వెనక్కి వెళ్లాలి. కాబట్టి రెండు నెలల లోపు మౌనానికి అర్థాలు తీయొద్దు. ఆ తర్వాత కూడా "చదివావా?" అని అడగొద్దు. చదవనివాళ్లు మొహమాటానికి అబద్ధం చెబుతారు, చెప్పాక నీ ఎదుటపడటం మానేస్తారు. ఎవరి అభిప్రాయమైనా కావాలనుకుంటే వాళ్లకి బాగా తెలిసిన విషయమున్న అధ్యాయం ఒక్కటి చెప్పు. "ఐదో అధ్యాయంలో ఆస్పత్రి సీనుంది, నర్సుగా నీ కంటికి తప్పేమైనా కనిపిస్తుందేమో చూడు" అను. అలా అడిగితే ఇష్టంగా చూస్తారు, కొందరు అక్కణ్ణుంచి మొదటి పేజీకి వెళ్తారు.

ప్రచురణకర్త ఇచ్చిన ప్రతుల్లో రెండు విప్పకుండా దాచిపెట్టు. ఇంకొకటి నీ పనికి ఉంచుకో, దాని సంగతి తర్వాత చెబుతాను. మిగిలినవి రాతప్రతి చదివి పెట్టినవాళ్లకీ, వివరాలు చెప్పినవాళ్లకీ ముందు ఇవ్వు. కృతజ్ఞతల పేజీలో ఎవరి పేరైనా తప్పిపోయిందేమో ఇవాళే చూడు, కథ ముట్టుకోనివాళ్లు కూడా ఆ పేజీ చదువుతారు. తప్పిపోతే నువ్వే ముందు ఫోన్ చేసి చెప్పు. వాళ్లు చూసుకున్నాక ఇచ్చే సంజాయిషీ ఎవరూ నమ్మరు. పీడీఎఫ్ మాత్రం ఎంత దగ్గరివాళ్లడిగినా పంపకు, ఒక్క వాట్సాప్ గ్రూపులో పడితే ఇక ఆపలేవు.

అసలు చిక్కు పాత్రల దగ్గర వస్తుంది. ఎవరిని చూసి రాశావో వాళ్లు తరచు పోల్చుకోరు, నీ ఊహలో కూడా లేనివాళ్లు "ఇది నేనే కదా" అంటూ వస్తారు. దీనికి కారణముంది. చదివేవాళ్లు పోలిక పట్టేది పైపై గుర్తులతో: ఉద్యోగం, ఊతపదం, అక్కచెల్లెళ్ల వరుస, ఇంట్లో మెట్లు ఎటువైపున్నాయన్నది. నువ్వు తీసుకున్నది ఒక మనిషి కోపమొచ్చినప్పుడు మాట మింగేసే తీరు అనుకో, అది ఎదుటివాళ్లకి ఎలా కనబడుతుందో ఆ మనిషికే తెలియదు. అదే, పిసినారి మేనమామకి గుమాస్తా ఉద్యోగం ఇచ్చావంటే, బంధువుల్లో గుమాస్తాగా చేసిన ప్రతి మేనమామకీ గుచ్చుకుంటుంది.

ఎవరైనా నొచ్చుకుని వస్తే ముందు పూర్తిగా విను. ఏ పేజీలో ఏ వాక్యం బాధపెట్టిందో అడుగు. చాలాసార్లు గొడవంతా ఒక్క వాక్యం మీదే ఉంటుంది. వాళ్లు కాకపోతే "నిన్ను తలుచుకుని రాయలేదు" అని ఒక్కసారి చెప్పి ఊరుకో. "అది నువ్వు కాదు, చిన్నత్త" అని మాత్రం పొరపాటున కూడా అనకు, ఇద్దరూ దూరమవుతారు. నిజంగా వాళ్లనే రాసి ఉంటే బుకాయించకు. ఏది వాళ్ల నుంచి తీసుకున్నావో, ఏది కల్పనో విడదీసి చెప్పు. వాళ్లకి నష్టం చేసే గుర్తులుంటే రెండో ముద్రణలో ఉద్యోగం, వరుస, ఊరు మార్చెయ్యి. స్వభావం ముట్టుకోకపోతే కథ చెడదు. వచ్చే పుస్తకానికైతే, అచ్చుకి ముందు దిద్దడానికి వచ్చే ప్రూఫులకంటే ముందే, ఆ మనిషి ప్రస్తావన ఉన్న పేజీలు మాత్రమే చూపించు.

అమ్మానాన్నల సంగతి వేరు. నీ నాయిక తల్లి కఠినురాలు కదా, అది మీ అమ్మకి ఎక్కడ తగులుతుందో నీకే బాగా తెలుసు. వేరేవాళ్ల నోట వినకముందే పక్కన కూర్చుని, కథకి ఆ తల్లి అలా ఎందుకు ఉండాల్సి వచ్చిందో చెప్పు. చదవమని బలవంతపెట్టకు. అట్ట మీద నీ పేరు చూసుకుని మురిసిపోయి ఊరుకుంటే ఊరుకోనీ.

ఆన్‌లైన్‌లో మంచి మాట రాయమని ఇంట్లోవాళ్లని అడగొద్దు. అమెజాన్ నిబంధనలు రచయిత కుటుంబ సభ్యుల, సన్నిహిత మిత్రుల సమీక్షలని ఒప్పుకోవు, గుర్తిస్తే తీసేస్తారు. బయటివాళ్లు తిడుతూ రాస్తే జవాబివ్వకు.

అచ్చుతప్పు చూపించినవాళ్ల ముందు మొహం మాడ్చుకోకు. 187వ పేజీలో వత్తు తప్పు పడిందని చెప్పిన మనిషి అక్కడిదాకా చదివినట్టే. "ఇంకా ఏమైనా కనిపించాయా?" అని అడిగితే మాట తప్పుల మీంచి కథ మీదికి దానంతటదే మళ్లుతుంది. పనికోసం ఉంచుకున్న ప్రతిలో పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఒక కాగితం మీద నాలుగు గడులు గియ్యి: పేజీ, పంక్తి, ఉన్నది, ఉండాల్సింది. పునర్ముద్రణకి అదే కావాలి. దిద్దుబాట్ల వంకతో వాక్యాలు పెంచకు. ఒక పేజీలో పంక్తి పెరిగితే కిందివన్నీ జరుగుతాయి, విషయసూచికలో అంకెలు తప్పొచ్చు. ఒక్కో పెద్ద కాగితం మీద 16 పేజీలు వేసి మడిచే ఫారాలుగా అచ్చువేసే చోట చివర్లో ఒక్క పేజీ పెరిగినా ఇంకో ఫారం పడొచ్చు.

సాటి రచయితలు కొందరు తమ రాతప్రతి తెచ్చిస్తారు. తీసుకో, కాని 20 పేజీలే చదవగలననీ, నెల పడుతుందనీ ముందే చెప్పు.

ముక్కూమొహం తెలియనివాళ్ల ఉత్తరాలు వస్తే అవి ఆలస్యంగానే వస్తాయి. నువ్వెవరో వాళ్లకి తెలియదు కాబట్టి నేరుగా కథ గురించే అంటారు: ఏ పాత్ర నచ్చలేదు, ఎక్కడ విసుగొచ్చింది. వారంలోపు జవాబు రాయి, నాలుగు వాక్యాలు చాలు. ఎక్కడ ఆగిపోయామన్నారో ఆ పేజీని కూడా నీ ప్రతిలో గుర్తుపెట్టు. ఒకే చోట ముగ్గురు ఆగారంటే, రెండో నవల మొదలుపెట్టేముందు ఆ పేజీలు పైకి చదువుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు