కూలీలను నిలుపుకోవడానికి బంగారం తాకట్టు పెట్టాలా?

జడ్చర్ల నుంచి ఒక చిన్న కాంట్రాక్టర్ రాశారు: "రూ.48 లక్షలకు ఇల్లు కట్టిస్తానని ఒప్పుకున్నాను. ఆలస్యమైతే వారానికి రూ.10 వేలు కోత. ఒక స్లాబ్ వేశాక కూలీలంతా పత్తి ఏరడానికి పోయారు. రూ.3 లక్షల అడ్వాన్సు ఇస్తే పని అయ్యేదాకా కదలని మనుషులను తెస్తానని మేస్త్రీ అంటున్నాడు. ఇంటి ఓనరేమో కేసు వేస్తానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ బంగారం మీద లోను తీసుకోనా?"

వద్దండి. అడ్వాన్సు ఇవ్వడం తప్పు కాదు, అది తీరేదాకా మనిషిని వెళ్లనివ్వకపోవడం నేరం. వెట్టిచాకిరీ నిషేధానికి 1976లో వచ్చిన చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు, ఆ బాకీ కూడా రద్దవుతుంది. కూలీలను గుంపుగా వలస పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరు వదిలిన కుటుంబాలు ఎంత నలిగిపోయాయో పాలమూరులో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

లెక్క కూడా చూడండి. ఆరు వారాలు ఆలస్యమైతే కోత రూ.60 వేలు. దానికి భయపడి రూ.3 లక్షలు మేస్త్రీ చేతిలో పెడతారా? ఎనిమిది మందికి రోజుకు రూ.100 ఎక్కువిచ్చినా 45 రోజులకు అయ్యేది రూ.36 వేలే. ఆ కూలి ప్రతి శనివారం నేరుగా వాళ్ల చేతికే ఇచ్చి, మస్టర్‌లో (హాజరు, కూలి రాసే పుస్తకంలో) సంతకం పెట్టించుకోండి.

ఇక కేసు సంగతి. కూలీలు దొరకలేదన్న మాట ఒక్కటే మామూలుగా కోర్టులో నిలబడదు. అయితే 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న కోత గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు సమంజసమనుకున్నంతే ఇప్పిస్తుంది. కాబట్టి ఈ వారమే ఓనరుకు లెటర్ ఇవ్వండి. పని ఏ తేదీన ఆగింది, ఎంతమంది తగ్గారు, ఎప్పటికి పూర్తి చేస్తారు అన్నవి రాయండి. ఆయన బిల్లు ఆలస్యంగా ఇచ్చినా, మధ్యలో ప్లాన్ మార్చినా ఆ తేదీలూ చేర్చండి. గడువు పెంచడానికి ఒప్పుకుంటే ఇద్దరూ సంతకాలు చేసుకోండి. ఫోన్లో "సరేలే" అన్న మాట మీద ఆగిపోవద్దు.

నాకు ఎక్కువ భయం వేరే దాని గురించి. కూలీల అడ్డా నుంచి హడావుడిగా తెచ్చిన కొత్త మనిషి సెంట్రింగ్ (స్లాబ్ కింద కట్టే చెక్కలు, కర్రలు) మీద నుంచి పడితే, అతన్ని తెచ్చింది మేస్త్రీయే అయినా పరిహారం బాధ్యత మీ మీదికి వస్తుంది. కొత్తవాళ్లు పనిలోకి దిగకముందే కార్మికుల పరిహారానికి బీమా పాలసీ తీసుకోండి. మేస్త్రీ మనుషులకూ అది వర్తిస్తుందని పాలసీలో రాయించుకోండి. చేతిలో ఉన్న డబ్బులో మొదటి ఖర్చు ఇదే కావాలి.