వసతి గృహానికి చందాలు

ప్రశ్న: మేధో వైకల్యం ఉన్న పెద్దవారి వసతి గృహం కోసం మా కాలనీ తరఫున చందాలు సేకరించాలనుకుంటున్నాము. అమెరికాలోని బంధువులు కూడా పంపుతామంటున్నారు. ఏ జాగ్రత్తలు అవసరం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: విదేశాల నుంచి వచ్చే సొమ్ము విషయమే చిక్కైనది కనుక దానితోనే మొదలుపెడతాను. మీ బంధువులు ఇప్పటికీ భారత పౌరులై, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారైతే, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఆ గృహాన్ని నడిపే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. సొమ్ము కూడా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాకే చేరాలి. దానిని కాలనీ సంఘం ఖాతాలో వేయించుకుని అందించడం, సదుద్దేశంతోనే అయినా, కుదరదు.

స్థానిక చందాలకు సంస్థ పేరిటే రసీదులిప్పించండి. పన్ను మినహాయింపు కోరేవారు రూ. 2,000 మించితే నగదుగా ఇవ్వకూడదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపే లేదు.

మంచాలు, ఫ్యాన్లు కొనిచ్చి వాటిపై పేరు రాయించుకోవడానికి మన దాతలు చూపే ఉత్సాహం, రాత్రిపూట కనిపెట్టుకుని ఉండే ఆయా జీతం దగ్గర కనిపించదు. అక్కడివారిలో చాలామంది తల్లిదండ్రుల తదనంతరం జీవితాంతం ఉండవలసినవారు కాబట్టి, ఏటా వడ్డీ తెచ్చే మూలనిధికి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. వైద్య ఖర్చులకు ప్రత్యేకంగా సేకరించే ముందు, ఇలాంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం కింద రూ. 1 లక్ష వరకు లభించే ఆరోగ్య బీమాలో వారందరినీ చేర్పించారో లేదో నిర్వాహకులను అడగండి.