టెక్ సందేహాలు: 2090లో గోదావరి గేజీ ఎలా పాడవుతుంది?

ప్రశ్న: 2090లో జరిగే సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లన్నీ ఏఐ చేతిలో ఉంటాయి. పెద్ద వరద రాత్రి అది క్రాష్ అవుతుంది, గేట్లు తెరుచుకోవు, మా లంక మునుగుతుంది. చదివిన మా తమ్ముడు "సరిగ్గా ఆ రాత్రే ఎందుకు పాడైంది? నీ కథకు కావాలనా?" అంటున్నాడు. నమ్మేలా ఎలా పాడుచేయాలి?
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: మీ తమ్ముడు అడిగింది న్యాయమే. దానికి తోడు ఇంకో చిక్కుంది. పెద్ద వరదొస్తే ధవళేశ్వరంలో 175 గేట్లూ ముందే ఎత్తేసి ఉంటాయి. వచ్చిన నీళ్లు వచ్చినట్టే సముద్రంలోకి పోతాయి. ఎత్తేసిన గేటు మొరాయిస్తే ఎవరికీ నష్టం లేదు. మన జిల్లాల్లో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు, మొదటి పేజీలోనే దొరికిపోతారు.

గేట్లు వదిలేసి, నీటిమట్టం కొలిచే గేజీని పట్టుకోండి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో గేదెల్ని గట్టెక్కించాలా, మనమే పడవెక్కాలా అనేది ఈ అంకెల్ని బట్టే. మీ కథలో ఆ అంకె 13.60 దగ్గర ఆగిపోయిందనుకోండి. రెండో హెచ్చరిక రాదు. ఏఐ హాయిగా "పరిస్థితి నిలకడగా ఉంది" అంటుంది.

ఎలా ఆగుతుంది? పాత పద్ధతి కొలత ఒకటుంది. ఒడ్డున బావిలాంటి గొట్టం, అందులో తేలే బెండు, నదిలోంచి ఆ బావిలోకి సన్నని పైపు. నది పెరిగితే బావిలో నీళ్లూ పెరుగుతాయి, బెండు లేస్తుంది. పైపులో ఒండ్రు పేరుకుపోతే మాత్రం బయట గోదారి పరవళ్లు తొక్కుతున్నా లోపల బెండు కదలదు. యంత్రం పాడవలేదు, అబద్ధమూ చెప్పలేదు. బావిలో ఎంతుందో అంతే చెబుతోంది. క్రాష్ అయితే కనీసం ఎర్రలైటు వెలుగుతుంది. ఇక్కడ స్క్రీనంతా పచ్చగా ఉంటుంది. చదివేవాడికి టెన్షన్ అక్కడ పుడుతుంది.

ఇక మీ తమ్ముడికి జవాబు: సరిగ్గా ఆ రాత్రే ఎందుకంటే, అంత ఒండ్రు మోసుకొచ్చేది వరదే కాబట్టి. కాకపోతే విత్తనం ముందే వేయాలి. రెండో పేజీలో, రోహిణి కార్తె ఎండలో, పైపు శుభ్రం చేయాల్సిన కుర్రాడు చెట్టుకింద కూర్చుని యాప్‌లో 'పూర్తయింది' అని టిక్కు పెట్టేస్తాడు. ఒక్క వాక్యం చాలు, దాని మీద వ్యాఖ్యానం వద్దు.

"ఇంకో సెన్సర్ ఉండదా?" అని మళ్లీ అడుగుతాడు. ఉంటుంది, కానీ అదీ ఆ బావిలోనే. ఇది అతిశయోక్తి కాదు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగం చూడండి. పాత ఏరియాన్ 4 కోసం రాసిన కోడ్‌లో కొంత అలాగే వాడేశారు. కొత్త రాకెట్ జోరెక్కువ. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక అంకె, 32,767 దాటితే పట్టని 16 బిట్ల చోటులో ఇమడలేదు. దారి చూపే కంప్యూటర్ చేతులెత్తేసింది. స్టాండ్‌బై ఉంది కదా అంటే, అందులోనూ అదే కోడ్. అసలుది ఆగడానికి క్షణం ముందే అది ఆగిపోయింది. సుమారు 40 సెకన్లలో అంతా ముగిసింది.

మరి మోసం బయటపడేదెలా? ఎగువన భద్రాచలంలో గోదారి 53 అడుగులు దాటిందని రేడియోలో చెబుతుంటే, ఇక్కడ అంకె నాలుగు గంటలుగా కదలదు. ఆ నీళ్లన్నీ ఎటు పోయినట్టు? నాయనమ్మ టార్చి పట్టుకుని రేవు దగ్గరికి వెళ్లి వస్తుంది. "పొద్దున ఏడో మెట్టు మీద బట్టలుతికానే, ఇప్పుడు మూడోదే కనబడుతోంది" అంటుంది. హీరో వరదలో ఈదే సీన్లేవైనా ఉంటే తీసేయండి, దీని తర్వాత అవి తేలిపోతాయి.

ప్రశ్న: సినిమాల్లో కంప్యూటర్ పాడైతే కీబోర్డులోంచి నిప్పురవ్వలొస్తాయి. నిజంగా వస్తాయా?
– ఇంటర్ విద్యార్థి, అమలాపురం

జవాబు: రావు. కీబోర్డుకు అందేది 5 వోల్టులు, ప్రాసెసర్‌కు ఒక వోల్టు అటూ ఇటూ. మహా అయితే పవర్ సప్లైలో కెపాసిటర్ 'టప్'మని పేలి కాలిన వాసనొస్తుంది. 1968 నాటి సినిమా '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో అంతరిక్ష నౌకను నడిపే కంప్యూటర్ హాల్ 9000 ఒక్క రవ్వ రాల్చకుండానే వణికించింది. బాగానే ఉన్న పార్టు పాడవబోతోందని, తాపీగా, మర్యాదగా చెప్పిందంతే.

ప్రశ్న: వనామి చెరువు దగ్గర కరెంటు పోతే ఫోన్‌కు అలర్ట్ వచ్చే పరికరం పెట్టాను. మొన్న తెల్లవారుజామున 3కి కరెంటు పోయింది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి, అలర్ట్ రాలేదు. లేచేసరికి రొయ్యలు పైకి తేలుతున్నాయి. లోపం ఎక్కడ?
– రైతు, భీమవరం

జవాబు: మీ వైఫై రౌటర్ కూడా ఆ లైను మీదే ఉందేమో చూడండి. కరెంటుతో పాటు అదీ పోతే, పోయిందని చెప్పేదెవరు? (రాజోలు పాఠకురాలు ఇది కూడా చదవాలి.) రౌటర్‌కూ పరికరానికీ మినీ యూపీఎస్ పెట్టండి. సొంత బ్యాటరీతో, సిమ్‌తో నేరుగా కాల్ చేసే రకమైతే ఇంకా మేలు, రీచార్జ్ గడువు మాత్రం మరవకండి. ఆ నంబరును ఫోన్‌లో స్టార్ కాంటాక్టుగా పెట్టి, డూ నాట్ డిస్టర్బ్‌లోనూ మోగేలా అనుమతివ్వండి. పది నిమిషాలకోసారి 'ఉన్నాను' అని సిగ్నల్ పంపి, అది ఆగితే మోగే సదుపాయం ఉంటే అదే ఎంచుకోండి. కాపలా షెడ్డులో బ్యాటరీ సైరన్ కూడా ఉండనివ్వండి.

అన్నీ అయ్యాక, మధ్యాహ్నం ఎండలో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగున్నప్పుడు మెయిన్ మీరే ఒకసారి తీసి చూడండి. రెండు నిమిషాల్లో ఫోన్ మోగకపోతే మెయిన్ వేసేసి, పరికరం ఫొటోతో మళ్లీ రాయండి.