స్పితి దారిలో బండి ఆగిపోతే సహాయం ఎలా అందుతుంది?

విజయవాడ నుంచి సొంత ఫోర్ బై ఫోర్ బండిలో కుటుంబంతో సహా మనాలి మీదుగా హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్ళాలనుకుంటున్నామని, ఫోన్ పనిచేయని చోట బండి చెడిపోతే ఎవరిని పిలవాలని, ఇన్సూరెన్సుతో పాటు తీసుకున్న రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో ఆగిన బండికి సాయం పంపే సేవ) సరిపోతుందా, లేక శాటిలైట్ ఫోన్ కొనుక్కోవాలా అని మీరు అడిగారు. 2022 సెప్టెంబరులో మేము ఇదే దారిలో ఛోటా దారా అనే మజిలీ దాటి, తరువాతి మజిలీ బాతల్ చేరకముందే ఒక పగలూ ఒక రాత్రీ చిక్కుబడిపోయాము. ఆ అనుభవంతో నేను చెప్పగలిగింది ఒకటే. అక్కడ సహాయం తెచ్చేది మన కబురు పట్టుకొని వెళ్ళే మనిషి. ఆ దారిన తరువాత ఎవరు వస్తారు, ఏ వేళకు వస్తారు, వారి చేతికి ఏమి ఇచ్చి పంపాలి అన్నది ఇంటి దగ్గరే ఆలోచించుకొని బయలుదేరాలి.

మాది డీజిల్ బండి. నేను, మా బావమరిది, అతని భార్య, పదకొండేళ్ళ మా అబ్బాయి ఉన్నాము. స్పితి దారి విడివడే గ్రాంఫూ దాటిన తరువాత రోడ్డు అనదగినది పెద్దగా లేదు. రాళ్ళు, వాటి మీదుగా పారే నీళ్ళు, పక్కన చంద్రా నది. ఆ వాగులను అక్కడ నాలాలంటారు. హిమానీనదాల మంచు ఎండకు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి వాటి ఉరవడి పెరుగుతుంది కనుక తెల్లవారుజామునే దాటడం మంచిదని విని, మేమూ అలాగే బయలుదేరాము. నీళ్ళన్నీ క్షేమంగానే దాటాము. ఆ తరువాత పొడి నేల మీద, ఏ ప్రమాదమూ లేదనుకున్న చోట, ముందు చక్రం కింద పొర్లిన రాయి ఒకటి లేచి అడుగున కొట్టింది. రెండు నిమిషాల తరువాత ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది. ఇంజిన్ ఆపి దిగి వెనక్కి చూస్తే, వచ్చిన దారి పొడవునా తెల్లటి రాళ్ళ మీద నల్లటి చుక్కలు వరసగా కనబడ్డాయి. కంపెనీ బిగించిన పలుచని రేకు గార్డు వంగి లోపలికి నొక్కుకుపోయి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పాత్రకు, అంటే ఆయిల్ సంపుకు, బెత్తెడు పగులు పెట్టింది.

ఆ దీపం వెలిగిన క్షణంలో ఇంజిన్ ఆపడమే ఆ రోజు నేను చేసిన తెలివైన పని. "బాతల్ దాకా నెమ్మదిగా పోనిద్దాం బావా, అక్కడ ధాబాలు ఉంటాయి కదా" అని మా బావమరిది అన్నాడు. వెళ్ళి ఉంటే బేరింగులు పట్టేసి ఇంజిన్ పోయేది, దానికి ఇన్సూరెన్సు డబ్బు కూడా వచ్చేది కాదు. మామూలు సమగ్ర పాలసీలో రాయి తగిలి పగిలిన భాగానికి నష్టపరిహారం ఉంటుంది గానీ, ఆయిల్ కారిపోయాక నడపడం వల్ల గానీ, నీళ్ళు లోపలికి పోయిన తరువాత స్టార్ట్ చేయడం వల్ల గానీ చెడిన ఇంజిన్‌కు సాధారణంగా ఉండదు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి, దానికీ షరతులు ఉంటాయి. బయలుదేరే ముందు మీ పాలసీ కాగితంలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

ఇక రోడ్‌సైడ్ అసిస్టెన్స్ సంగతి. మాకూ ఉంది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మా కబురు అందిన తరువాత హైదరాబాదు నుంచి మా మామగారు వాళ్ళకు ఫోన్ చేస్తే, ఆ ప్రదేశానికి తమ బండి రాలేదని, వాహనాన్ని మనాలి దాకా తీసుకువస్తే అక్కడి నుంచి తాము చూసుకుంటామని మర్యాదగానే చెప్పారట. బండి మనాలి దాకా రాగలిగితే వాళ్ళతో పనేముంది? ఆ దారికి జాతీయ రహదారి 505 అనే సంఖ్య ఉంది, కానీ సంఖ్యను చూసి క్రేను కదలదు. ఇలాంటి కవర్లలో ఉచితంగా లాగే దూరానికి ఒక హద్దు ఉంటుంది. క్రేను చేరలేని చోటును, ఆఫ్‌రోడ్ డ్రైవింగును చాలావరకు మినహాయిస్తారు. మనాలి, కులూ, మండీల వరకు అది పనికివస్తుంది కనుక వద్దనను. గ్రాంఫూ దాటితే మాత్రం దాన్ని లెక్కలోంచి తీసేయండి.

అప్పుడు మేము చేసింది కాగితం మీద రాయడం. ఈ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎవరినైనా ఆపి "మా బండి ఆగిపోయింది, మెకానిక్‌ను పంపండి" అని నోటితో చెబితే, ఆయన ఫోన్ పనిచేసే చోటికి చేరేసరికి మూడు నాలుగు గంటలు గడుస్తాయి, ఆ మాటలో సగం దారిలోనే పోతుంది. మెకానిక్‌కు కావలసినది ఆ మిగతా సగమే. మా అబ్బాయి నోటుపుస్తకంలోంచి కాగితాలు చించి, హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, రెండేసి ప్రతులు రాశాము. బండి పేరు, ఏ సంవత్సరం మోడల్, డీజిలని, రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఛోటా దారా నుంచి బాతల్ వైపు ఎన్ని కిలోమీటర్లు వచ్చామో మీటరు ప్రకారం, నదికి ఎటు పక్కన ఉన్నామో, సంపు పగిలిందని, ఎక్కడ ఎంత పొడవున పగిలిందో చిన్న బొమ్మ, ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు కావాలో, నలుగురం ఉన్నామని, ఎవరికీ గాయాలు లేవని, ఇంకా రెండు రోజులకు తిండి, నీళ్ళు ఉన్నాయని, బండి దగ్గర నుంచి కదలమని, హైదరాబాదులో మా మామగారి నంబరు. చివర వేళ, తేదీ వేశాము. విడిభాగాల కొట్టులో సరైన భాగం తీయడానికి ఛాసిస్ నంబరే ఆధారం; దాన్ని ముందే ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటే బండి కిందా పైనా వెతకనక్కరలేదు. "గాయాలు లేవు" అన్న మాట కూడా వదలకూడదు, లేకపోతే మెకానిక్ కోసం పంపిన కబురు అంబులెన్సు కోసం పరుగుగా మారుతుంది.

పది దాటిన తరువాత స్పితిలోని ముఖ్య పట్టణమైన కాజా నుంచి కులూ వెళ్ళే హిమాచల్ ప్రభుత్వ బస్సు వచ్చింది. వేసవి నుంచి శరత్కాలం దాకా, దారి తెరచి ఉన్నన్నాళ్ళూ ఆ లోయకు బస్సే తపాలా, బస్సే వార్త. కండక్టరు కాగితం మొత్తం చదివి, మడిచి, టికెట్ల సంచిలో కాకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. రెండో ప్రతి కాజా వైపు పోయే సరుకు లారీ డ్రైవరుకు ఇచ్చాము. రెండు దిక్కులకూ పంపడం మంచిది. ఎటు నుంచి త్వరగా వస్తుందో ముందుగా తెలియదు. కండక్టరు సిగ్నలు అందగానే మా మామగారికి ఫోన్ చేసి, మనాలిలో తనకు తెలిసిన మెకానిక్‌కు కాగితం స్వయంగా ఇచ్చాడు. మేము ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు.

మెకానిక్ మరునాడు ఉదయం ఎనిమిదింటికి అద్దె పికప్‌లో వచ్చాడు. ఈలోగా మేము చేసిన వైద్యం చూసి నవ్వుకున్నాడు. మా దగ్గర పగుళ్ళు పూడ్చే ముద్ద ఎం-సీల్ ఉంది, పిసికి పగులు మీద అద్దాము, కానీ జిడ్డు ఉన్న లోహం మీద అది పట్టదు. నిమిషంలో చపాతీ పిండిలా జారి కింద పడింది. అతను మిగిలిన ఆయిల్ దించేసి, సీసాలో తెచ్చిన పెట్రోలుతో గుడ్డ తడిపి మూడు నాలుగు సార్లు తుడిచి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, అప్పుడు ముద్ద అద్ది, పైన రేకు ముక్క పెట్టి, మళ్ళీ ముద్ద అద్దాడు. ఆ చలిలో అది గట్టిపడడానికి మూడు గంటలకు పైగా పట్టింది. తరువాత కొత్త ఆయిల్ పోసి, పది కిలోమీటర్లకోసారి ఆగి కిందకు చూసుకుంటూ, అతని పికప్ వెనకే వచ్చాము. కొత్త సంపు మనాలిలో వేయించాము. దారిలో అయిన ఖర్చు మెకానిక్ కూలి, పికప్ అద్దె, ఆయిల్ కలిపి 14,500 రూపాయలు. అలాంటి చోట బేరం ఆడకండి. నేను మొదట ఆడబోయి, మా బావమరిది భార్య చూసిన చూపుకు మానుకున్నాను.

శాటిలైట్ ఫోన్ గురించి. అమెరికాలో ఉండే మా చిన్నాన్నగారి అబ్బాయి అక్కడ కొండలెక్కేవాళ్ళు వాడే శాటిలైట్ మెసేజింగ్ పరికరం ఒకటి తెచ్చి ఇస్తానన్నాడు. వద్దని చెప్పాను. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లను గానీ అలాంటి పరికరాలను గానీ దగ్గర పెట్టుకోవడం, వాడడం నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులను విమానాశ్రయాలలో అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. సరిహద్దు జిల్లాలో దానితో పట్టుబడితే బండి చెడిపోవడం చిన్న సమస్య అనిపిస్తుంది. మీరు స్పితితో ఆగక లేహ్ దాకా వెళ్ళే ఆలోచనలో ఉంటే, లద్దాఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు కనుక కనీసం ఒక పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉంచుకోండి. ఏ కంపెనీ సిగ్నలు దొరికినా అత్యవసరానికి 112 కలిసే అవకాశం ఉంది. అసలు ఏ సిగ్నలూ లేని చోట 112 కూడా కలవదు. మేము వెళ్ళినప్పుడు గ్రాంఫూ దాటిన తరువాత ఒక్క గీత కనబడలేదు. స్పితిలో మొదటి ఊరైన లోసర్ చేరేదాకా అంతేనని ఆ తరువాత అటు వెళ్ళినవారు నాతో అన్నారు.

బండిలో ఏమి పెట్టుకోవాలన్నది చాలామంది పెద్ద జాబితాలు రాస్తారు. నేను చూసినంతలో ఆ దారిలో బండ్లను ఆపేవి ఎక్కువగా టైర్లు, అడుగున తగిలే రాళ్ళు, బ్యాటరీ, వేడెక్కిన క్లచ్. పంక్చర్ స్ట్రిప్పులు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, జంపర్ కేబుళ్ళు, ఒక పూర్తి విడతకు సరిపడా ఇంజిన్ ఆయిల్, కూలెంటు, ఎం-సీల్, గరుకు కాగితం ఉంటే చాలు. వీటితో పాటు బట్టలుతికే సబ్బుబిళ్ళ ఒకటి వేసుకోండి. ఇంధన ట్యాంకుకు చిల్లి పడితే సబ్బును గట్టిగా రుద్ది నింపడం మన లారీ డ్రైవర్ల పాత చిట్కా, కాజా దాకా చేర్చగలదు. మనాలి దాటితే ఈ దారిలో మళ్ళీ బంకు కాజాలోనే అని గుర్తుంచుకొని ట్యాంకు నింపుకోండి. మందపాటి ఉక్కు గార్డు మాత్రం బయలుదేరేముందే వేయించండి. మేము ఇంటికి వచ్చాక వేయించాము.

బండిని ఎవరైనా లాగుతామంటే సంతోషించి తొందరపడకండి. రోడ్డు పనుల టిప్పర్లు, జేసీబీలు ఆ దారిలో మంచి ఆదరువు, కానీ వారి దగ్గర ఉండేది ఉక్కు తాడు. దాన్ని దొరికిన కడ్డీకి చుట్టి ఒక్క ఊపున లాగుతారు. తెగిందంటే ఆ తాడు కొరడాలా వెనక్కి వస్తుంది. మీ బండికి బిగించే టోయింగ్ హుక్ ఎక్కడ ఉందో ముందే చూసుకొని, దానికే తగిలించమని చెప్పి, పిల్లలను తాడు పొడవుకు రెట్టింపు దూరంలో నిలబెట్టండి. రెండు చక్రాలు ఎత్తి, రెండు నేల మీద ఆనించి లాగేటప్పుడు ఫోర్ వీల్ పడి ఉంటే, ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విరుగుతుంది. వీలైతే నాలుగు చక్రాలనూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్డే అడగండి.

రాత్రి గురించి రెండు మాటలు. అది దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. సెప్టెంబరులోనే సీసాలోని నీళ్ళ మీద తెల్లారేసరికి పలుచని మంచు పొర కట్టింది. ఇంజిన్ నడిచే బండి అయినా హీటరు కోసం అద్దాలు మూసి రాత్రంతా నడిపించకండి, పొగలోని విషవాయువు లోపల చేరి ప్రాణం తీస్తుంది. మనిషికొక మంచి స్లీపింగ్ బ్యాగు ఉండాలి. సాయంత్రం దారిన పోయే పికప్ డ్రైవరు మా బావమరిది భార్యను, పిల్లవాడిని బాతల్ ధాబాకు తీసుకువెళతానన్నాడు. మేము విడిపోలేదు, కానీ పిల్లవాడికి తలనొప్పి, వాంతులు మొదలై ఉంటే బండిని వదిలేసి మనాలి వైపు పోయే ఏ బండిలోనైనా కిందికి దిగిపోయేవాళ్ళము. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు కిందికి దిగడమే మందు.

మన మారేడుమిల్లి, గుడిస వైపు తిరిగిన అలవాటుతో అక్కడికి వెళ్ళకండి. మన ఏజెన్సీలో బురదలో దిగబడితే, గంట తిరగకుండా పక్క ఊరి నుంచి ట్రాక్టరు వస్తుంది. స్పితి దారిలో ఆ పక్క ఊరే లేదు. వీలైతే ఇంకొక బండిని తోడు చేసుకొని వెళ్ళండి. లేకపోతే రోజూ ఎక్కడ ఉంటారో, ఏ వేళకు ఫోన్ చేస్తారో, ఆ వేళ దాటి ఎన్ని గంటలు ఆగి ఎవరికి చెప్పాలో ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చి వెళ్ళండి. మేము మా మామగారికి కేలాంగ్‌లోని జిల్లా పోలీసుల నంబరుతో సహా రాసి ఇచ్చాము. మెకానిక్ ఆ ఉదయమే బయలుదేరాడని ఆయనకు తెలుసు. సాయంత్రం ఆరింటికల్లా ఫోన్ చేస్తామని కాగితంలో మేమే రాశాము. సిస్సూలో సిగ్నలు వచ్చేసరికి ఆరున్నర అయింది, ముందు వేడిగా టీ తాగుదామని కూర్చున్నాము, ఏడున్నరకు ఫోన్ చేస్తే ఆయన అప్పటికే పోలీసులతో రెండు సార్లు మాట్లాడి ఉన్నారు. వారికి మళ్ళీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవలసింది మా బావమరిది వంతయింది.