స్పాకు మళ్లని నీరు

ప్రశ్న: మా ఇంటి ఈతకొలనుకూ, పక్కనున్న స్పా అనే వేడినీటి తొట్టికీ ఒకే పంపు ఉంది. స్పా మీట నొక్కితే వాల్వును తిప్పే యాక్చుయేటర్ గుయ్యిమంటుంది గానీ నీరు కొలనులోకే పోతోంది. దాన్ని మార్చాలా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తొందరపడి కొనకండి. పంపు ఆపి, కరెంటు తీసి, యాక్చుయేటర్‌ను విప్పి, వాల్వు కాడను చేత్తో తిప్పి చూడండి. బోరు నీటి సున్నం పేరుకొని కాడ బిగుసుకుపోతే ఎంత కొత్త మోటారైనా దాన్ని తిప్పలేదు కనుక, వాల్వు మూత తీసి, ఆ తెల్లటి పొరను శుభ్రం చేసి, రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజు రాయాలి. బండ్లకు వాడే గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కాడ తేలిగ్గానే తిరుగుతుంటే, పంపు ఆపే ఉంచి, విడిగా ఉన్న యాక్చుయేటర్‌కు కరెంటు ఇవ్వండి. మోత వస్తూ ఇరుసు కదలకపోతే లోపలి పళ్లచక్రాలు అరిగి ఉండవచ్చు, అప్పుడు మార్చడమే మేలు.