గాల్లో పోయే గుద్దులు

ప్రశ్న: తక్కువ ఖర్చుతో తీసిన ఒక కరాటే కామెడీ చూశాం. సగం మంది పడీపడీ నవ్వారు, మిగతావాళ్లు ‘గుద్దులన్నీ గాల్లోకే పోతున్నాయి’ అని పెదవి విరిచారు. లోపం ఎక్కడుంది? మేమూ సెల్‌ఫోన్‌తో ఒకటి తీద్దామనుకుంటున్నాం.
– ఓ పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఇద్దరి మాటా నిజమే. కోడి రామ్మూర్తిగారు తిరిగిన సీమలో కుర్రాళ్లకి బలం గురించి చెప్పక్కర్లేదు గానీ, తెరమీద బలమంతా కెమెరాదే. పక్కనుంచి తీస్తే పిడికిలికీ దవడకీ మధ్య ఖాళీ దొరికిపోతుంది. కొట్టేవాడి భుజం వెనక పెట్టండి. పిడికిలి ముఖానికి జానెడు దూరంలో అడ్డంగా దాటాలి. అది దాటిన క్షణంలోనే రెండోవాడి తల తిరగాలి. ఆలస్యమైతే ఎంత చప్పుడు కలిపినా అతకదు.

హాంకాంగ్ ఫైటింగ్ సినిమాల వాళ్లు సెకనుకు 22 ఫ్రేములు (బొమ్మలు) తీసి 24తో ఆడించేవారు; దాంతో దెబ్బలు కాస్త వేగంగా కనబడేవి. మీరు ఎడిటింగులో వేగం 109 శాతానికి పెంచితే అదే ఫలితం. 130 దాటిందా, మూకీ సినిమా పరుగే! చప్పుడుకి తడి తువ్వాలును గట్టుకేసి బాది రికార్డు చేసుకోండి.

నవ్వు రావాలంటే మాత్రం దెబ్బ, పడటం, మూలుగు ఒకే షాట్‌లో, తల నుంచి పాదాల దాకా కనబడాలి. మధ్యలో కత్తిరిస్తే నవ్వు చచ్చిపోతుంది. పడేచోట వరిగడ్డి మందంగా పరిచి, పైన గోనెపట్టా కప్పండి.